రొయ్యల చెరువు కాపలా, పోయిన నిద్ర: ఒక కేసు

గోదావరి డెల్టాలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ "మతి చలించింది" అని తీసుకొచ్చే మనుషుల్లో కొందరికి మొదట పోయింది మతి కాదు, నిద్ర. ఆ సంగతి స్కానులో కనపడదు. గత వారం రోజులు ఏ గంటకు ఏం చేశారో ఓపిగ్గా అడిగితేనే బయటపడుతుంది. ఈ కేసులో అలా అడగడం వల్ల ఒక మనిషికి ఏళ్ల తరబడి మందులు వాడే అవసరం తప్పింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు, బంధుత్వాలు, చెరువుల లెక్క మార్చాను.

నేపథ్యం

ఆయన నలభై దాటిన రైతు. సొంత చెరువు ఒకటి, పక్కనే లీజుకు తీసుకున్నవి మరికొన్ని. వేసేది వనామీ రకం రొయ్య. భార్య, ఇద్దరు పిల్లలు ఊళ్లో ఉంటారు, ఆయన మాత్రం పంట ఉన్నన్నాళ్లూ గట్టు మీద మకాంలోనే పడుకుంటాడు.

రొయ్యల సాగు తెలియనివాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి, జబ్బు మూలం అందులోనే ఉంది కాబట్టి. చెరువు నీటిలో ఉండే ప్లాంక్టన్ అనే సూక్ష్మ నాచు పగలు ఎండ ఉన్నంతసేపూ ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది. రొయ్యలు, నాచు, అడుగున కుళ్లే మేత మాత్రం రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే దిగిందంటే రొయ్యలకు కష్టం మొదలైనట్టే. పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి ఇంకా భయం. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. మనిషి ఆదమరిచి నిద్రపోతే నెలల కష్టం, లక్షల అప్పు తెల్లారేసరికి నీళ్ల మీద తేలుతుంది.

ఆ భయం వల్ల ఆయన నిద్ర ముక్కలైపోయింది. పదకొండుకి నడుం వాల్చి పన్నెండున్నరకు లేవడం, గట్లన్నీ తిరిగి రావడం, రెండింటికి మళ్లీ కాసేపు కునుకు, మూడున్నర నుంచి పూర్తిగా మెలకువ. ఆరింటికి మేత. మధ్యాహ్నం వీలైతే ఓ గంట. అన్నీ కలిపితే రోజుకు నాలుగు, నాలుగున్నర గంటలు. లీజు చెరువులు పెరిగిన దగ్గర నుంచి మూడేళ్లుగా ఇదే తంతు. ఈ మధ్యలో బీపీ వచ్చింది, షుగర్ హద్దుకు చేరింది. తెల్లవారుజామున గట్టు మీద బైకుతో రెండుసార్లు పడ్డాడు, ఒకసారి పంట కాలువలోకే. "కుక్క అడ్డొచ్చిందండి" అని రెండుసార్లూ చెప్పాడట. కుక్కను చూసినవాళ్లు ఎవరూ లేరు.

"నాకు నాలుగు గంటలు చాలండి, అలవాటైపోయింది" అనేవాడు. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. లారీ డ్రైవర్లు, నైట్ డ్యూటీ నర్సులు, అమెరికా టైముకు పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరిదీ ఇదే మాట. 2003లో అమెరికాలో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో మనుషులను రెండు వారాల పాటు రోజూ ఆరు గంటలో, నాలుగు గంటలో మాత్రమే పడుకోనిచ్చారు. వాళ్ల చురుకుదనం రోజురోజుకూ పడిపోతూ, చివరికి పూర్తిగా నిద్రలేకుండా ఒకటి రెండు రాత్రులు గడిపినవాళ్ల స్థాయికి చేరింది. కానీ తమకు అంత నిద్రమత్తు ఉందని వాళ్లకు అనిపించలేదు. అంటే నిద్ర తక్కువైన మనిషి తన లోటును తాను కొలుచుకోలేడు. అందుకే ఇలాంటి కేసుల్లో రోగి మాట కంటే ఇంట్లోవాళ్ల మాటకు, బండి మీద పడ్డ గీతలకు ఎక్కువ విలువ ఇస్తాను.

ఏమైంది

ఆ పంటకు డెబ్బై రోజులు దాటాయి. పక్క రైతు చెరువులో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చింది. ఆ వైరస్ సోకిందంటే వారం పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ అవుతుంది. ఈయన చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూడటానికి నీటిలో దించే పళ్లెం) కూడా రెండు మూడు చచ్చిన రొయ్యలు కనపడ్డాయి. ఇక ఆ రోజు నుంచి నిద్ర అనే మాటే లేదు. ఎప్పుడు ఏం జరిగిందో భార్యను, బావమరిదిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను.

మొదటి రెండు రాత్రులూ అసలు పడుకోలేదు. చిరాకు, అరుపులు, ఒకే ప్రశ్న పదిసార్లు. టీ మీద టీ. మూడో రాత్రి ఏరేటర్ల మోతలో ఎవరో తన పేరు పిలుస్తున్నారన్నాడు. నాలుగో రాత్రి అవతలి గట్టు మీద మనుషులు వంగి నడుస్తున్నట్టు కనపడింది, టార్చి వేస్తే ఎవరూ లేరు. ఐదో రోజుకు నమ్మకం గట్టిపడింది. పక్క రైతే తన చెరువులో మందు కలుపుతున్నాడు, బావమరిది వాడితో కుమ్మక్కయ్యాడు. ఆ తెల్లవారుజామున గునపం పట్టుకుని పక్క మకాం మీదికి పోయాడు. కూలీలు పట్టుకోబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో మత్తుకని హాలోపెరిడాల్ అనే యాంటీసైకోటిక్ (భ్రమలు, అనుమానాలు తగ్గించే మందు) ఇంజెక్షన్ ఇచ్చారు. నిద్ర రాలేదు సరికదా కాళ్లు నిలవకుండా అటూ ఇటూ తిరగడం మొదలైంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించి, మర్నాడు నా దగ్గరికి తెచ్చారు.

నేను చూసినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతుల్లో సన్నటి వణుకు. బీపీ 160/100. జ్వరం లేదు. మెడ బిగుసుకోలేదు. ఎక్కడున్నాడో తెలుసు, వారం మాత్రం ఒకరోజు తప్పు చెప్పాడు. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమంటే సెప్టెంబరు దగ్గర ఆగి, "ఏమడిగారండీ?" అన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెప్పలు వాలిపోయేవి. మూడు నాలుగు సెకన్ల తర్వాత ఉలిక్కిపడి, ఇంకేదో విషయం ఎత్తుకునేవాడు. మధ్యలో ఆగిన సంగతే ఆయనకు తెలియదు.

ఏది కాదు అని తేల్చుకోవడం

చూడగానే మనసుకు తట్టే మాట మేనియా, అంటే మనసు అదుపు లేని ఉద్రేకంలోకి పోయే దశ. నిద్ర లేదు, చిరాకు, అనుమానం, దూకుడు, అన్నీ సరిపోతాయి. పైగా ఆయన మేనమామ ఒకాయన చాలా ఏళ్ల కిందట విశాఖలో మానసిక చికిత్స తీసుకున్నాడని భార్య చెప్పింది. కానీ మేనియాలో ఉన్న మనిషికి నిద్ర అవసరమే తగ్గుతుంది. రెండు గంటలు పడుకుని ఉషారుగా లేస్తాడు, కుర్చీలో కునికిపాట్లు పడడు. ఈయన మాట మాటకీ కూలిపోతున్నాడు. గొప్పలు లేవు, పెద్ద పథకాలు లేవు, మాటల్లో వేగం లేదు. అందుకని మేనియాను కొట్టేయలేదు కానీ రెండో స్థానంలో పెట్టాను. కొట్టేయకపోవడానికి కారణం ఉంది: బైపోలార్ జబ్బు (మేనియా, కుంగుబాటు మారి మారి వచ్చేది) లోపల ఉన్నవాళ్లలో నిద్ర పోవడమే మేనియాకు నిప్పు పెట్టగలదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

రెండోది, తాగుడు ఆపితే వచ్చే డెలీరియం, అంటే ఉన్నట్టుండి కమ్ముకునే అయోమయం, భ్రమలు. చివరిగా తాగాక రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వచ్చేది కాబట్టి టైము సరిపోయేలాగే ఉంది. ఆయనది పండగకో ఫంక్షన్‌కో తాగే అలవాటు. ఇది ఆయన మాట కాదు, భార్య, బావమరిది ఇద్దరూ విడివిడిగా చెప్పిన మాట. చెమటలు లేవు, నాడి మరీ ఎక్కువ లేదు. నిద్రమాత్రల అలవాటు గురించీ అడిగాను. తెలంగాణ వైపు నుంచి వచ్చినవాళ్లనైతే కల్లు గురించి కూడా తప్పక అడుగుతాను. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అది రోజూ తాగేవాళ్లకు ఉన్నట్టుండి దొరక్కపోతే నిద్ర పోతుంది, భ్రమలు వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఈయన విషయంలో మెడికల్ షాపువాడు రెండో రాత్రి చేతిలో పెట్టిన ఒక్క అల్ప్రాజోలం తప్ప ఏమీ లేదు. అది వేసుకుని కూడా బలవంతంగా మేలుకునే ఉన్నాడు.

ఇక ఒంట్లో జబ్బు. షుగర్, సోడియం, థైరాయిడ్, కిడ్నీ, లివర్, రక్త కణాలు చూశాం. షుగర్ కాస్త ఎక్కువగా ఉంది, మిగతావి మామూలే. చెరువులకు, పక్క పొలాలకు వాడే మందులు ఒంటికి తగిలాయేమోనని కంటిపాపలు, చొంగ, చెమట చూశాను. ఏమీ లేదు. జ్వరం, తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క బలహీనత లేవు కాబట్టి స్కాన్ ఆపాను. నిద్రపోయి లేచాక కూడా అయోమయం తగ్గకపోతే ఆ రోజే తీయిద్దామని రాసుకున్నాను.

మిగిలింది నిద్రలేమి. ఇక్కడ లక్షణాలు వచ్చిన వరుసే నన్ను ఎక్కువ నమ్మించింది. వరసగా మేలుకునే ఉన్నవాళ్లలో ఒకటి రెండు రోజులకే చిరాకు, చూపు మోసం చేయడం మొదలవుతాయి. రెండు రోజులు దాటాక లేనివి కనపడటం, వినపడటం, ఆలోచన గాడి తప్పడం. మూడు రోజుల తర్వాత గట్టి అనుమానాలు. ఐదో రోజుకు చూసేవాళ్లకు అది నిజానికీ భ్రమకూ తేడా తెలియని అసలైన సైకోసిస్‌లాగే ఉంటుంది. ఈయన కథ ఆ మెట్ల మీదే నడిచింది. స్కిజోఫ్రేనియా ఇలా రాత్రికొక మెట్టు చొప్పున ఎక్కదు, నలభై దాటాక మగవాళ్లలో కొత్తగా మొదలవడం కూడా అరుదే.

ఇలా చెబుతుంటే బావమరిది ఫోనులో చదివిన సంగతి ఎత్తాడు. "అమెరికాలో ఒక కుర్రాడు పదకొండు రోజులు మేలుకున్నాడంట కదండీ, వాడికేం కాలేదంట." నిజమే, 1964లో శాన్ డియాగోలో రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల విద్యార్థి 264 గంటలు నిద్రపోకుండా ఉన్నాడు. కానీ ఏమీ కాలేదన్నది సగం కథ. చిరాకు, మతిమరుపు, లేనివి ఉన్నట్టు అనుకోవడం అతనికీ వచ్చాయి. పక్కన విలియం డిమెంట్ లాంటి నిద్ర శాస్త్రవేత్తలు కాపలా ఉన్నారు, ఆ కుర్రాడి మీద ఏ అప్పూ లేదు, చుట్టూ చీకట్లో చెరువు నీళ్లూ లేవు. గిన్నిస్ వాళ్లు ఇప్పుడు ఈ రికార్డునే తీసుకోవడం లేదు.

చేసింది, ఆపింది

అడ్మిట్ చేశాం. చీకటి గది, తోడుగా భార్య, గదిలో గట్టి వస్తువులు లేకుండా. బావమరిదిని మొదటి రోజు కంటపడనివ్వలేదు.

పెద్ద నిర్ణయం యాంటీసైకోటిక్ గురించి. ఇచ్చేయడం తేలిక, కుటుంబమూ అదే అడిగింది. ఆపడానికి రెండు కారణాలున్నాయి. హాలోపెరిడాల్ తర్వాత వచ్చిన ఆ కాళ్ల అశాంతి మందు వల్ల వచ్చింది. లోపల అలా కుతకుతలాడుతున్నవాడికి నిద్ర ఎలా వస్తుంది? రెండోది, మందూ నిద్రా రెండూ ఒకేసారి ఇచ్చి మనిషి బాగుపడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అప్పుడు భయం కొద్దీ మందు కొనసాగుతుంది, చీటీ మీద సైకోసిస్ అని రాసి ఉంటుంది, ఆయన ఏళ్ల తరబడి అది మోయాలి. అందుకని లొరాజెపామ్ అనే నిద్ర, నెమ్మది ఇచ్చే మందు మాత్రమే ఎంచుకున్నాను, తక్కువ మోతాదులో, ఆసుపత్రి పడక మీద. అది ఆ అశాంతిని తగ్గిస్తుంది, నిద్రకూ తోడ్పడుతుంది, ఒకవేళ తాగుడు గురించి ఇద్దరూ దాచి ఉంటే ఆ ప్రమాదాన్నీ కాస్తుంది. రెండు రాత్రులు బాగా నిద్రపోయాక కూడా అనుమానాలు గట్టిగా ఉంటే మూడో రోజు యాంటీసైకోటిక్ మొదలుపెడదామని కుటుంబానికి ముందే చెప్పాను. ఇలా గడువు పెట్టకపోతే ఎదురుచూడటానికీ వదిలేయడానికీ తేడా ఉండదు.

పద్నాలుగు గంటలు పడుకున్నాడు. లేచి అన్నం తిని మళ్లీ పడుకున్నాడు. నిద్ర లోటు గంటకు గంటగా తీరదు. మెదడు ముందు గాఢనిద్రను రాబట్టుకుంటుంది, కలల నిద్ర తర్వాత వంతు. రెండో రోజు సాయంత్రానికి మాటలు వినపడటం లేదు. మూడో రోజు బావమరిదిని చూసి సిగ్గుపడ్డాడు. పక్క రైతు మీద అనుమానం మాత్రం వెంటనే పోలేదు, "ఏమో, కలిపినా కలుపుతాడు" అనేవాడు. వారానికి అదీ పలచబడింది. బీపీ, షుగర్ దిగాయి.

ఇంటికి వెళ్లాక కుదరనివి

ఇక్కడితో అయిపోతే ఈ కేసు రాయాల్సినంత లేదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

కొన్నాళ్లు ఊళ్లో ఇంట్లోనే పడుకోమన్నాం. చెరువు బావమరిది చూసుకున్నాడు. మంచం, దుప్పటి, ఫ్యాను, ప్రశాంతత అన్నీ ఉన్నా ఆయనకు నిద్ర రాలేదు. వచ్చినా గంటకోసారి లేచి కూర్చునేవాడు. రెండు వారాలకు నిద్రమాత్ర అడిగారు. కొద్ది రోజులకని జోల్పిడెమ్ ఇచ్చి చూశాం. తొందరగా పడుకునేవాడు కానీ రెండింటికి లేవడం మానలేదు. పైగా ఒక రాత్రి లేచి తలుపు తీసుకుని వీధి చివరిదాకా వెళ్లాడు, తెల్లారి గుర్తులేదు. ఆ మందుతో నిద్రలో నడవడం తెలిసిన ప్రమాదమే, వెంటనే ఆపేశాం. గురక, నిద్రలో ఊపిరి ఆగడం గురించి భార్యను అడిగాను, అలాంటివి లేవు.

కారణం ఆమె మాటల్లోనే దొరికింది. "కరెంటు పోయి ఫ్యాను ఆగితే చాలండి, దిగ్గున లేచి చెప్పుల కోసం వెతుకుతారు." ఏళ్ల తరబడి ఆయన మెదడు ఏరేటర్ల మోతను జోలపాటగా, ఆ మోత ఆగడాన్ని ప్రమాదంగా నేర్చుకుంది. ఊళ్లో ఇంట్లో ఆ మోత లేదు. అంటే ఆయన మెదడు లెక్కలో రాత్రంతా కరెంటు పోయే ఉంది. నిశ్శబ్దంగా ఉండే గది నిద్రకు మంచిదని అందరికీ చెప్పే సలహా ఈయన విషయంలో ఎదురు తిరిగింది.

ఇలాంటప్పుడు మంచం మీద గడిపే టైమును కావాలనే తగ్గించి, నిద్రను గట్టిపరిచే పద్ధతి ఒకటుంది. మాత్రలు లేకుండా నిద్రలేమికి చేసే చికిత్సలో అది ముఖ్యమైన భాగం. దాన్ని ఇక్కడ వాడలేదు. మేనమామ చరిత్ర ఉన్న మనిషికి, అప్పుడే ఇంత జరిగినవాడికి నిద్ర ఇంకా తగ్గించడం నాకు ధైర్యం చాలలేదు.

పనిచేసింది

"రోజూ ఎనిమిది గంటలు పడుకోండి" అంటే ఆయన నవ్వాడు. రొయ్య ఒప్పుకోదు కదా. కాబట్టి మాట్లాడాల్సింది నిద్ర గురించి కాదు, కాపలా గురించి. బావమరిదిని, కూలీ మేస్త్రీని కూడా కూర్చోబెట్టాను.

కరెంటు పోతే దానంతటదే అందుకునే ప్యానెల్ జనరేటర్‌కు పెట్టించారు. కరెంటు పోగానే ఇద్దరి ఫోన్లకు కాల్ వచ్చే పరికరం తగిలించారు. ఖర్చు గురించి మొదట గొణిగాడు. బావమరిది ఆ పంటలో మందులకు పోసిన డబ్బు లెక్క చెప్పాక ఊరుకున్నాడు. దీని వల్ల చెవి చేసే కాపలా యంత్రానికి మారింది. అది నమ్మకం కుదరడానికి వారాలు పట్టింది. మొదట్లో రోజూ సాయంత్రం ఆయన చేతే మెయిన్ ఆపించి, ఫోను మోగుతుందో లేదో చూపించేవాళ్లు. ఇంట్లో చప్పుడు పెద్దగా ఉండే పాత టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాడు. ఆసుపత్రి చీటీ మీద రాయని మందు అది.

రాత్రిని రెండుగా కోశాం. తొమ్మిది నుంచి మూడు దాకా ఆయన నిద్ర, ఆ టైములో ఫోను బావమరిది దగ్గర. మూడింటి నుంచి ఆయన కాపలా, అప్పటి నుంచి బావమరిది నిద్ర. మూడు అని ఎందుకంటే, చెరువులో ఆక్సిజన్ అడుగంటే గంటలూ మనిషి మెదడు బాగా మందగించే గంటలూ దాదాపు ఒకటే, తెల్లవారుజామున మూడు నుంచి ఆరు. ఆ టైములో గట్టు మీద ఉండేవాడు రాత్రంతా మేలుకున్నవాడు కాకూడదు, పడుకుని లేచినవాడై ఉండాలి. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక ప్రయోగంలో తేలింది. మన చట్టంలో బండి నడిపేవాడికి హద్దు 0.03 శాతం. ఈ లెక్క చెప్పినప్పుడే ఆయన మొదటిసారి కుక్క కథ వదిలేసి, "కళ్లు మూతపడ్డాయండి" అన్నాడు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి, మూడు సెకన్లు రెప్ప వాలితే నలభై మీటర్లు పోతుంది. మా వైపు గట్ల మీద అంత దూరం తిన్నగా ఉండే దారి అరుదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత గంటన్నర పడక. రెండింటి తర్వాత టీ బంద్. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్రమత్తు పెంచుతుంది. టీలో ఉండే కెఫీన్ దాన్ని తగ్గించదు, తెలియకుండా అడ్డుకుంటుందంతే. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. అన్నిటికంటే కష్టమైన మార్పు ఈ టీయే. మేస్త్రీ మకాం దగ్గర గ్లాసు పట్టుకొస్తే కాదనలేకపోయేవాడు.

రెండు నెలలకు రాత్రి ఐదున్నర గంటలు ఒకే సాగులో పడుకోగలిగాడు, పగటి పడక కాక. నేను ఆశించిన దానికి తక్కువే, ఆ పనిలో ఉన్నంతకాలం అంతకు మించి అడగను.

ఇప్పుడు నేను అడిగేవి

ఈ కేసు తర్వాత నా చీటీలో కొన్ని ప్రశ్నలు ముందుకు వచ్చాయి. "నిద్ర పడుతోందా?" అని అడగను, దానికి అందరూ ఏదో ఒకటి అంటారు. నిన్న రాత్రి, మొన్న రాత్రి, అటు మొన్న, ఏ గంట నుంచి ఏ గంట దాకా అని అడుగుతాను. ముందు నిద్ర పోయిందా, ముందు అనుమానం వచ్చిందా అని ఇంట్లోవాళ్లను అడుగుతాను. నిద్ర రావడం లేదా, వస్తున్నా పోనివ్వడం లేదా అని అడుగుతాను. ఈ చివరి దానికి వచ్చే జవాబును బట్టి దారి మారిపోతుంది. పడుకోనివ్వని పని ఉన్నవాడికి మాత్ర రాస్తే, ఆ మాత్ర మత్తుతోనే గట్టు ఎక్కుతాడు.

తర్వాతి పంటలో తుఫాను వచ్చి రెండు రోజులు కరెంటు లేదు, ఇద్దరూ మేలుకోవాల్సి వచ్చింది. రెండో సాయంత్రం ఆయన ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం భార్య ఫోనులోనే గమనించింది. తమ్ముడికి చెప్పి, ఆటో పంపించి, ఇంటికి రప్పించి పడుకోబెట్టింది. మర్నాడు మామూలుగానే లేచాడు. ఏడాది దాటింది, మందులేవీ లేవు, అనుమానాలు లేవు. బైపోలార్ అనే ప్రశ్నను మాత్రం ఇంకా మూసేయలేదు. నిద్ర తగ్గినా అలసట లేకుండా ఉషారుగా తిరుగుతున్న రోజు వస్తే, పంట ఎన్ని రోజులదైనా సరే ఆ రోజే తీసుకురమ్మని ఆమెకు చెప్పి ఉంచాను.